పిందె నిలవని ఆనప పాదు: నా అనుభవం

పర్లాకిమిడిలో మా పెరటి ఆనప పాదు వేసవిలో పందిరంతా అల్లుకుంది. పూత విరివిగా వచ్చినా పిందెలు బొటనవేలంత కాగానే పసుపెక్కి రాలిపోయేవి. పక్కింటి అత్తయ్య దిష్టి అన్నారు, మరొకరు యూరియా వేయమన్నారు. యూరియాతో ఆకు పెరుగుతుంది తప్ప పిందె నిలవదు.

లోపం పరాగ సంపర్కంలో, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరడంలో ఉంది. ఆనప పువ్వు విచ్చుకునేది సాయంత్రం. అప్పటికి తేనెటీగలు గూటికి చేరతాయి, ఇక చిమ్మటలే దిక్కు. అందుకే పొద్దు వాలాక సన్నని కాడ మాత్రమే ఉన్న మగపువ్వును తుంచి, రేకులు వలిచి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యభాగానికి పుప్పొడి మెల్లగా అద్దాను. ఒక్క మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. ఎండలకు మగపూలే ఎక్కువ పూస్తాయి, కొరత ఉండదు. పాదు మొదట్లో ఎండుగడ్డి కూడా పరిచాను. అద్దిన వాటిలో చాలావరకు నిలిచాయి. వాన పడే సాయంత్రం మాత్రం ఈ పని పెట్టుకోకండి, తడిసిన పుప్పొడి పనికిరాదు.