ఒర్వియేటో కొండ ఊరు: ఏది ముందు, ఏది తర్వాత

బెంగళూరు నుంచి ఇటలీ వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టేసి వస్తారు. మధ్యలో ఒక పాతకాలపు కొండ ఊరు కూడా చూడాలనుంటే రోమ్, ఫ్లోరెన్స్‌ల మధ్యనున్న ఒర్వియేటో అన్నిటికన్నా సులువు, ఎందుకంటే కారు అక్కర్లేదు. రైలు దిగి రోడ్డు దాటితే చాలు, ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే కొండ రైలు) కొండ మీదికి లాగేస్తుంది. అయితే ఇక్కడ ఏం చూడాలన్నదానికంటే ఏ వరుసలో చూడాలన్నది ముఖ్యం. వరుస తప్పితే ఒకే ఎత్తు రెండుసార్లు ఎక్కాలి, ఊరి పెద్ద చర్చి ‘దువోమో’ ముఖాన్ని నీడలో చూడాలి.

ముందు కాగితాల పని. ఇటలీకి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు ఏప్రిల్‌లో మొదలుపెడితే అపాయింట్‌మెంటు దొరక్క తిప్పలు పడతారు. సామానులో కందిపొడి, కారప్పొడి పెట్టుకోండి, ఇబ్బంది లేదు. నెయ్యి, పాలకోవ, ధార్వాడ పేడా మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లకూడదు.

రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీ నుంచి రీజియనల్ (ప్రాంతీయ) రైలుకు దాదాపు గంటన్నర. ఈ రైళ్లకు టికెట్ ధర ఎప్పుడు కొన్నా ఒకటే, నెలల ముందు బుక్ చేయడం దండగ. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకున్నాకే రైలెక్కాలి. ఫోన్లో కొంటే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానాయే. కొన్ని రీజియనల్ రైళ్లు టెర్మినీలో ‘ఎస్ట్’ అని రాసిన దూరపు ప్లాట్‌ఫామ్‌ల నుంచి బయల్దేరతాయి. అక్కడికి నడవడానికే పది నిమిషాలు వదులుకోండి.

స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్. ఇది 1888లో నీటి బరువుతో నడిచేది. 1970లో మూతపడి, 1990లో కరెంటుతో మళ్లీ మొదలైంది. పైన దిగేది పియాట్సా కాహెన్ అనే కూడలి. అందరూ ఇక్కణ్నుంచి నేరుగా బస్సెక్కి చర్చికి పోతారు. మీరు పోకండి. నాలుగడుగుల్లో సెయింట్ పాట్రిక్ బావి ఉంది. కాళ్లలో బలం ఉన్నప్పుడే దాని పని పట్టండి.

1527లో రోమ్ కొల్లగొట్టబడ్డాక పోప్ ఏడవ క్లెమెంట్ ఈ ఊళ్లో తలదాచుకున్నాడు. కొండను ముట్టడిస్తే నీళ్లెలా అన్న భయంతో ఆంటోనియో దా సంగాల్లో చేత ఈ బావి తవ్వించాడు. లోతు సుమారు 53 మీటర్లు, మెట్లు 248. గొప్పతనమంతా మెట్ల అమరికలో ఉంది. జంట సర్పాల్లా చుట్టుకుంటూ రెండు వేర్వేరు మెట్ల దారులు దిగుతాయి. నీళ్లకు దిగే కంచరగాడిదలు ఒకదాంట్లో, నీళ్లు మోసుకుంటూ ఎక్కేవి ఇంకోదాంట్లో. ఎక్కడా ఎదురుపడవు. అడుగున చిన్న వంతెన దాటితే రెండో దారి మొదలవుతుంది. సగం దిగాక గోడలోని కిటికీ దగ్గర ఆగి చూడండి: గుండ్రటి చీకటి గుంతకు అవతల, మీకు సరిగ్గా ఎదురు కిటికీలో పైకెక్కేవాళ్ల తలలు కదులుతుంటాయి, మాటలు వినబడతాయి, మీరు మాత్రం వాళ్లను ఎక్కడా కలవరు.

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు 248 ఒక లెక్కా అనిపిస్తుంది. అంకె చూసి మోసపోవద్దు. మెట్లు జంతువుల కోసం కట్టినవి, వెడల్పుగా, వాలుగా ఉంటాయి. తడిగా ఉంటే జారతాయి కూడా. లోతు లెక్కేస్తే పదిహేను అంతస్తుల పైమాటే. అలిపిరిలో ముందు ఎక్కుడు, ఇక్కడ ముందు దిగుడు. ఆయాసం తెలిసేసరికి అడుగున ఉంటారు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను, అత్తమామలను పైనే కూర్చోబెట్టండి. ఎండాకాలమైనా లోపల చల్లగా ఉంటుంది, పలుచటి శాలువా ఉంచుకోండి.

తర్వాత బస్సులో పెద్ద చర్చి ముందున్న పియాట్సా దువోమో. భూగర్భ గుహల టూర్ ఇక్కడే మొదలవుతుంది. గైడు లేకుండా లోపలికి పంపరు కాబట్టి ఇంగ్లీష్ టూర్ ఎన్నింటికో ముందే చూసుకోండి. ఊరి కింద 1,200కు పైగా గుహలున్నాయి. లాల్‌బాగ్ గుట్టలాంటి రాయి అయితే ఒక్కటి తొలవడానికే తరం పట్టేది. ఇది అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డ టఫ్ రాయి, గునపానికి లొంగుతుంది. గోడల నిండా వరుసలుగా చతురస్రపు గూళ్లు కనిపిస్తాయి. తినడానికి పావురాలను పెంచింది వాటిలోనే.

భోజనం పన్నెండున్నర, రెండున్నర మధ్యలో ముగించాలి, ఆ తర్వాత వంటిళ్లు మూసేస్తారు. బిల్లులో ‘కోపెర్తో’ అని తలకింత పడితే మోసం కాదు, అది కూర్చున్నందుకు రుసుము. శాకాహారులు ‘నే కార్నే, నే పేషే’ అని చెప్పాలి, అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు. మెనూలో ‘అల్లా నోర్చినా’ అని ఉంటే అమాయకంగా తెల్లటి క్రీమ్ పాస్తాలా వస్తుంది, లోపల పంది సాసేజ్. ‘ఉంబ్రికెల్లీ’ అనే లావుపాటి స్థానిక పాస్తాను టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చితో ‘అర్రబ్బియాతా’గా అడగండి, మన నాలుకకు అదే దగ్గర. అందులోనూ మాంసం ముక్క వేశారేమో ఒక మాట కనుక్కోండి. రొట్టె చప్పగా ఉంటే వంటవాడు మర్చిపోయాడనుకోకండి, ఈ ప్రాంతంలో ఉప్పు లేకుండానే చేస్తారు.

దువోమోకు 1290లో పునాది వేశారు. ముఖద్వారం పడమటి వైపుంది. పొద్దున చూస్తే అంతా నీడ. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా పడి బంగారు మొజాయిక్‌లు మెరుస్తాయి. అందుకే దీన్ని చివరికి దాచుకోమనేది. మొదట లోపలికి వెళ్లండి, భుజాలు, మోకాళ్లు కప్పుకుని. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, ఆ పూట పెట్టుకోవద్దు. కుడివైపు సాన్ బ్రిట్సియో చాపెల్లో 1499 నుంచి సిన్యొరెల్లి అనే చిత్రకారుడు వేసిన ప్రళయ చిత్రాలున్నాయి. క్రీస్తువిరోధి బొమ్మలో అతని చెవిలో దయ్యం గుసగుసలాడుతుంటుంది. అదే చిత్రంలో ఎడమ అంచున నల్లబట్టల్లో నిలబడ్డ ఇద్దరిలో ఒకరు సిన్యొరెల్లే, రెండోవారు అతనికన్నా ముందు ఈ పని మొదలుపెట్టిన చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో. బయటికొచ్చాక నాలుగు స్తంభాల మీది చెక్కడాలను ఎడమ నుంచి కుడికి చూడండి. సృష్టితో మొదలై నరకంతో ముగుస్తుంది.

కారే కావాలంటే కొండ కింద కాంపో దెల్లా ఫియేరాలో ఆపి, ఎస్కలేటర్ ఎక్కండి. ‘జెడ్‌టీఎల్’ (బయటి బళ్లకు అనుమతి లేని ప్రాంతం) బోర్డు దాటి ఊళ్లోకి పోనిస్తే కెమెరా పట్టేస్తుంది, చలానా నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా బెంగళూరు దాకా వస్తుంది.

తిరుగు దారిలో బస్సెక్కకండి. కోర్సో కావూర్ వీధి వెంట కాహెన్ దాకా అంతా దిగుడే. ఫ్యునిక్యులర్ రాత్రి పొద్దుపోయేదాకా ఉండదు, చివరిది ఎన్నింటికో పొద్దున పైకి వచ్చినప్పుడే బోర్డు ఫొటో తీసిపెట్టుకోండి.