వేరే దేశంలో పల్లెటూరి పిల్లల క్లినిక్‌కి వాలంటీర్‌గా వెళ్లాలనుకుంటే

ముందే ఒక మాట చెప్పేస్తా, మీరు అక్కడికి వెళ్లేది ఉన్న నర్సుకి చేతిసాయంగా, అంతే. మీరు డాక్టరైనా సరే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మూడు రోజులపాటు ఆవిడ వెనకాలే తిరుగుతూ ఇప్పుడేం చేయాలి, ఇదెక్కడుంది అని అడుగుతూనే ఉన్నా, పాపం నావల్ల ఆవిడ పని తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. ఆ మూడు రోజులు మీకు రాకుండా ఉండాలనే ఇదంతా రాస్తున్నా.

క్లినిక్‌ని ఎంచుకునేటప్పుడు వాళ్లని ఒకటే అడగండి, మీకు ఇప్పుడు ఏ పనికి మనిషి తక్కువగా ఉన్నారు అని. "మీ ఇష్టం, ఏదైనా చేయొచ్చు" అన్నారంటే కొంచెం ఆలోచించుకోండి. వైద్యం చదువు లేకపోయినా ఇంజెక్షన్లు వేయనిస్తాం, కుట్లు వేయనిస్తాం అని ఆశపెట్టేవాళ్ల జోలికైతే అసలు పోవద్దు, మీ ఊళ్లో మీరు చేయకూడని పని అక్కడి పిల్లల మీద కూడా చేయకూడదు కదా. ఫీజు కట్టమంటే అందులో క్లినిక్‌కి చేరేది ఎంతో లెక్క అడగండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వారం పది రోజులకి వెళ్లడం నాకైతే నచ్చదు, పని నేర్చుకునేసరికే తిరిగొచ్చే టైమ్ అయిపోతుంది. అంత తక్కువ టైమే ఉంటే ఆ టికెట్ డబ్బులేవో వాళ్లకే పంపడం నయం.

కాగితాల సంగతికొస్తే, జీతం లేదు కదా అని టూరిస్ట్ వీసా మీద వెళ్లిపోవద్దు, చాలా దేశాల్లో ఉచితంగా చేసినా అది పనే అంటారు. డాక్టర్లు, నర్సులు అయితే అక్కడి మెడికల్ లేదా నర్సింగ్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలా అని ముందే కనుక్కోండి, దానికి నెలలు పట్టొచ్చు. ఎమర్జెన్సీలో మిమ్మల్ని వెనక్కి తీసుకొచ్చే ఇన్సూరెన్స్ తప్పనిసరి.

టీకాలు చివరి వారంలో చూసుకుందాంలే అనుకుంటే కుదరదు. హెపటైటిస్ బి మామూలు కోర్సు మూడు డోసులు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య 6 నెలలు. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది (2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు, పాతది ఉంటే పారేయకండి). రేబిస్, టైఫాయిడ్, మీజిల్స్ (తట్టు) గురించి కూడా ట్రావెల్ క్లినిక్‌లో అడగండి. పిల్లల మధ్యే తిరుగుతారు కాబట్టి మీజిల్స్ ముఖ్యం.

ఇక అసలు విషయం, వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి. పెద్ద జబ్బుల పుస్తకాలు పక్కన పెట్టండి. ఎక్కువగా వచ్చేవి విరేచనాలు, దగ్గు ఆయాసం, జ్వరం, తిండి చాలక చిక్కిపోవడం, ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐఎంసిఐ (చిన్నపిల్లల జబ్బుల్ని గుర్తించి చూసుకునే పద్ధతి) చార్టులు ఫ్రీగా దొరుకుతాయి, వాటినే బట్టీ పట్టండి. ఊపిరి లెక్కపెట్టడం ప్రాక్టీస్ చేయండి, పిల్లాడు ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం మొత్తం లెక్కపెట్టాలి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పొస్తుంది. 2 నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఎక్కువ, 2 నుంచి 12 నెలల లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు. డొక్కలెగరేస్తున్నా, తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా లెక్కల కోసం ఆగకుండా వెంటనే నర్సుని పిలవాలి.

ఇంకోటి జబ్బ కొలిచే రంగుల టేపు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకి ఎడమ జబ్బ మధ్యలో చుట్టాలి, బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రంగా చిక్కిపోయినట్టు, 125 లోపైతే పసుపు. టేపు ఆకుపచ్చ రంగు చూపించినా రెండు పాదాలు నొక్కి చూడండి, నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోతే అదీ తీవ్రమైనదే. ఇది చాలామంది వదిలేస్తారు.

ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుందో చదవండి, లీటర్‌వీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి. వాంతి చేసుకుంటే మానేయొద్దు, 10 నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా పట్టించాలి. జింక్ విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు వేయాలి, ఈ సంగతి తల్లికి చెప్పి మళ్లీ ఆవిడ నోటితోనే ఒకసారి చెప్పించుకోండి, అనువాదకుడి తల ఊపుడు నమ్మొద్దు 🙂

టీకాల ఫ్రిజ్‌లో మీ వాటర్ బాటిల్ పెట్టుకోవద్దు, నవ్వులాట కాదు, ఊరికే తలుపు తీస్తుంటే 2 నుంచి 8 డిగ్రీలు నిలవదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, నేరుగా వాడిన సూదుల డబ్బాలో వేసేయండి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి, హెచ్ఐవి నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, కోర్సు 28 రోజులు. ఆ మందులు ఎక్కడ దొరుకుతాయో చేరిన రోజే కనుక్కోండి, గుచ్చుకున్నాక వెతుక్కోవడం కాదు.

ఫోటోల సంగతి, తల్లి ఒప్పుకున్నా నేనైతే తీయను. మందు ఇచ్చేవాళ్లు అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి.

సామాన్లు మోసుకెళ్లేముందు లిస్ట్ వాళ్లనే అడగండి, డేట్ అయిపోయిన మందులు, అక్కడ బ్యాటరీ దొరకని మెషీన్లు తీసుకెళ్తే చెత్త మోసినట్టే. వచ్చేముందు మీరు చూసిన పిల్లల్లో మళ్లీ రావాల్సినవాళ్ల వివరాలు వాళ్ల రిజిస్టర్‌లో, వాళ్ల పద్ధతిలో, వాళ్లు చదవగలిగేలా రాసి రండి, మీ నోట్‌బుక్‌లో ఉంటే ఎవరికీ పనికిరాదు.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఇంటికొచ్చాక వెంటనే ఆపేయకండి, డాక్సీసైక్లిన్ అయితే ఇంకో 4 వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు. నెలల తర్వాత జ్వరమొచ్చినా డాక్టర్‌కి ఫలానా దేశం వెళ్లొచ్చా అని మొదటే చెప్పి మలేరియా టెస్ట్ చేయించుకోండి.