బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకి నడక పాఠాలు, 3వ భాగం: మీ స్పీడు మీరే కనిపెట్టుకోవడం

రెండో పాఠంలో వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు బీపీ చూసి నోట్‌బుక్‌లో రాయమన్నాను కదా, రాసినోళ్ళు ఆ పేజీ తీసి పక్కన పెట్టుకోండి. రాయనోళ్ళు ఈ పాఠం చదివెయ్యండి పర్లేదు గానీ నడక మాత్రం ఆ వారం పూర్తయ్యాకే మొదలెట్టండి, ముందు ఎంత ఉండేదో తెలీకపోతే రేపు తగ్గిందో లేదో దేనితో పోల్చుకుంటారు మరి. మొదటి రోజు అంకెలు కొట్టీసి మిగతా ఆరు రోజులవి సగటు తియ్యండి. ఆస్పత్రిలో 140/90 దగ్గర గీత గీస్తారు, ఇంట్లో చూసుకునే బీపీకి ఆ గీత 135/85, సగటు అంతకన్నా పైనుంటే మీ బీపీ ఇంకా చేతికి రాలేదని లెక్క. పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ దాటుతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముందు డాక్టరు, తర్వాతే నడక. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే డాక్టరు టైమింగ్స్ చూడ్డాలూ అవీ వద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

ఒక మాట మిగిలిపోయింది పోయిన పాఠంలో. ఒడిశా-ఆంధ్ర బోర్డర్‌లో ఉన్న పర్లాకిమిడిలో మెడికల్ షాపు కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి కాబట్టి నా దగ్గరకి నోట్‌బుక్కులు చాలా వస్తాయి, కొందరివి పొద్దుటి అంకెలు మాత్రమే ఎక్కువుంటాయి, అడిగితే తేలేది ఏటంటే లేవగానే గుడాకుతో పళ్ళు తోముకుని వెంటనే మిషన్ పెట్టుకుంటున్నారు. గుడాకులో ఉండేది పొగాకే అమ్మా, నికోటిన్ ఎక్కితే బీపీ అప్పటికప్పుడు లేస్తుంది. మన పెద్దాళ్ళు కాల్చే అడ్డపొగ చుట్ట కూడా అంతే, టీ కూడా అంతే. కొలిచే ముందు అరగంట ఇవేవీ వద్దు, ఒంటికి (మూత్రానికి) వెళ్ళి రండి, కుర్చీలో వీపు ఆనించి కాళ్ళు నేలమీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, ఆ తర్వాతే బటన్ నొక్కండి, మాత్ర ఇంకా వేసుకోకముందు. గుడాకు మానీమని చెప్పడం వేరే సంగతి, దానికోసం ఇంకో పాఠం కాదు ఇంకో సిరీసే కావాలి.

సరే, ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. ఎంత స్పీడులో నడవాలి?

ఫోన్‌లో యాప్‌లూ చేతికి వాచీలూ గుండె నిమిషానికి ఇన్నిసార్లు కొట్టుకునేదాకా నడవండి అని చెప్తాయి, మామూలోళ్ళకి అది పర్లేదు, కానీ బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు చాలామందికి ఆ లెక్క పనికిరాదు. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి వేసుకుంటే ఆ మాత్ర చేసే పనే గుండె వేగాన్ని తగ్గించడం, మీరు ఎంత గబగబా నడిచినా వాచీలో అంకె పెద్దగా పైకెక్కదు, ఎక్కట్లేదు కదా అని ఇంకా పరిగెడితే ఒళ్ళు హూనమైపోద్ది. అందుకే మనకి మాట పరీక్షే మేలు. నడుస్తూ పక్కనున్నవాళ్ళతో రెండు మూడు వాక్యాలు ఆగకుండా చెప్పగలగాలి, కానీ పాట ఎత్తుకుంటే మాత్రం మధ్యలో ఊపిరి తెగిపోవాలి. పాట కూడా హాయిగా వచ్చేస్తే మీరు నడవట్లేదు, షికారు చేస్తన్నారు. రెండు ముక్కలు మాట్లాడేసరికే రొప్పుతుంటే స్పీడు ఎక్కువైపోయింది, తగ్గించండి. ఒక్కళ్ళే నడిచేవాళ్ళు ఏదైనా పద్యమో, దేవుడి స్తోత్రమో బయటికి చదువుకోండి, ఎవరైనా చూస్తారని సిగ్గు పడక్కర్లేదు, పొద్దున్నే కోట చుట్టూ తిరిగేవాళ్ళల్లో సగంమంది ఏదో ఒకటి గొణుక్కుంటూనే ఉంటారు.

అడుగుల్లో కావాలంటే నిమిషానికి సుమారు 100 అడుగులు, మామూలు మనిషికి ఓ మోస్తరు స్పీడు అది. కానీ ఇది చదునైన రోడ్డు మీద మాట, మహేంద్రతనయ ఒడ్డునో స్టేషన్ రోడ్డులోనో కుదురుద్ది, రాయగడ, కొరాపుట్ పక్కనుండి ఘాటీ ఎక్కేవాళ్ళకి 100 అడుగులు పెట్టుకుంటే కష్టం, అక్కడ అడుగులు వదిలేసి మాట పరీక్షే పట్టుకోండి.

మొదటి వారం ఇలా చెయ్యండి. 5 నిమిషాలు మెల్లగా, తర్వాత 10 నిమిషాలు మాట స్పీడులో, ఆఖరికి 5 నిమిషాలు మళ్ళీ మెల్లగా. రెండో వారం మధ్యలో ఉన్న 10ని 15 చెయ్యండి, అలా వారానికి 5 చొప్పున పెంచుకుంటూ 30 దాకా పొండి. 30 నిమిషాలు వారానికి 5 రోజులైతే 150, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే కనీసం లెక్క అదే, 300 దాకా పోయినా మంచిదే అంటారు వాళ్ళు. ఒకేసారి 30 కుదరకపోతే పొద్దున కొంత సాయంత్రం కొంత, ఏం నష్టం లేదు.

ఆఖరి 5 నిమిషాలు మెల్లగా అన్నాను చూడండి, అందరూ ఎగ్గొట్టేది అదే, ఇంటి గుమ్మం దాకా గబగబా వచ్చీసి టక్కున అరుగుమీద కూలబడిపోతారు. నడిచేటప్పుడు కాళ్ళల్లో రక్తనాళాలు బాగా తెరుచుకుని ఉంటాయి, పిక్కలు ఆ రక్తాన్ని పైకి తోస్తూ ఉంటాయి, టక్కున ఆగిపోతే ఆ తోసే పని ఆగిపోద్ది, రక్తం కాళ్ళల్లోనే ఉండిపోయి తలకి తక్కువ అందుద్ది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. మాత్ర కూడా నాళాల్ని వదులు చేసే రకమైతే, అంటే ఆమ్లోడిపిన్, ప్రాజోసిన్ లాంటివైతే, ఇంకా ఎక్కువ. అరుగుమీద పడిపోయినోళ్ళని చూసి నడకే పడలేదు అనుకుంటారు, నడక కాదు, ఆగిన తీరు.

మాత్రల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఈ పాఠంలో నిదానంగా చదవాల్సింది ఇదే. మీ మాత్ర పట్టీ వెనక మందు పేరు ఉంటుంది, కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలున్న అసలు మందు పేరు, అది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఆమ్లోడిపిన్ అయితే కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, నడవడం వల్లే కాళ్ళు వాచాయని నడక మానీసినోళ్ళు నాకు తెలుసు, వాపు మాత్రది, డాక్టరుకి చెప్తే డోసు తగ్గిస్తారో మందు మారుస్తారో వాళ్ళ ఇష్టం. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉంటే అవి నీటి మాత్రలు, ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రం ద్వారా బయటికి పంపిస్తాయి, మే నెలలో ఎండ ఎక్కాక చెమట కక్కుతూ నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుద్ది. మన దగ్గర ఎండల్లో 6 కొట్టేలోపు నడక ముగించుకోవాలి, నీటి మాత్ర నడిచి వచ్చాక వేసుకుంటే మధ్యదారిలో ఒంటికి వెళ్ళే చోటు కోసం వెతుక్కోవక్కర్లేదు కూడా. పొద్దున వేసుకోవాలా రాత్రా అని అడుగుతారు చాలామంది, బ్రిటన్‌లో 21 వేలమంది మీద చేసిన ‘టైమ్’ అనే పరిశోధన (ట్రయల్) ఫలితం 2022లో వచ్చింది, గుండెపోటు, పక్షవాతం లెక్కల్లో పొద్దునకీ రాత్రికీ తేడా లేదు, మీరు మర్చిపోకుండా ఉండే టైమే మంచి టైము. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వాళ్ళకి నడకతో ప్రత్యేకంగా ఇబ్బంది ఏం లేదు, వాంతులూ విరేచనాలూ అయిన రోజు మాత్రం నడకకి సెలవు పెట్టి డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర సంగతి అడగండి.

మన బోర్డర్‌లో ఉండే తంటా ఒకటుంది, వేరే చోట అంతగా ఉండదేమో. బరంపురం డాక్టరు రాసిన చీటీ ఒకటి, శ్రీకాకుళం డాక్టరు రాసిన చీటీ ఒకటి, ఒడిశా వాళ్ళ ఉచిత మందుల పథకం నిరామయ కింద సర్కారు ఆస్పత్రిలో ఊరికే ఇచ్చిన పట్టీ ఇంకొకటి, మూడు కంపెనీ పేర్లు, లోపల మందు మాత్రం ఒకటే టెల్మిసార్టాన్. మూడూ వేసుకుని నడకకి పోయి కోట గోడ పక్కన కూలబడితే నడక తప్పా? అటు డాక్టరుకి ఇటు చీటీ చూపించరు, ఇటు డాక్టరుకి అటుది చూపించరు, చూపిస్తే ఏమనుకుంటారో అని మొహమాటం. మొహమాటం పక్కన పెట్టి అన్ని పట్టీలూ ఒక సంచీలో వేసుకుని పట్టుకెళ్ళండి, డాక్టరు టేబుల్ మీద గుమ్మరించండి, ఏది ఉంచాలో ఏది తియ్యాలో వాళ్ళే చెప్తారు.

ఇంకొకటి మోకాలు నొప్పి. నడక మొదలెట్టిన రెండో వారంలో మోకాలు పట్టేస్తుంది, షాపుకొచ్చి డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో, ఎసిక్లోఫెనాకో అడుగుతారు, చీటీ లేకుండానే. ఇవి ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర చేసే పనిని కూడా కొంత తినేస్తాయి, టెల్మిసార్టానూ నీటి మాత్రా వేసుకునేవాళ్ళు వీటిని కూడా కలిపితే కిడ్నీకి ప్రమాదం. అంటే బీపీ తగ్గాలని నడిచి, ఆ నడక నొప్పికి బీపీ పెంచే మాత్ర కొనుక్కుంటున్నాం అన్నమాట. నొప్పొస్తే రెండ్రోజులు నిమిషాలు తగ్గించండి, చెప్పులు మార్చండి, హవాయి చెప్పులతో కిలోమీటర్లు నడవకండి, తగ్గకపోతే చూపించుకోండి.

నడిచి రాగానే మిషన్ పెట్టుకోవద్దు. నడిచేటప్పుడు పై అంకె పెరగడం మామూలే, అప్పుడే చూస్తే 160, 170 కనపడి భయపడిపోతారు. అరగంట ఆగి, స్నానం చేసి స్థిమితపడ్డాక చూడండి, అప్పుడు పొద్దుటికన్నా తక్కువ కనపడొచ్చు, ఆ తగ్గుదల కొన్ని గంటలపాటు ఉంటుంది. పొద్దున 146/88 ఉన్న మనిషికి 9 గంటలకి 134/82 చూపిస్తే అది నడక ఇచ్చిన బోనస్ అనుకోండి గానీ సగటు లెక్కలో మాత్రం కలపకండి, లెక్కకి ఎప్పుడూ పొద్దున నడకకీ మాత్రకీ ముందు అంకె, సాయంత్రం అంకె, అవే.

60 దాటినోళ్ళు వారానికి ఒకసారి నిలబడి కూడా చూసుకోండి. కూర్చుని ఒకసారి, లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఒకసారి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతుంటే, తల తిరక్కపోయినా సరే, డాక్టరుకి చూపించాలి, ముసలాళ్ళు పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే. ఈ పరీక్ష చేసేటప్పుడు గోడ పక్కనే నిలబడండి.

ఇప్పుడు అందరూ అడిగేది: నడుస్తన్నాను కదా, మాత్ర మానీవచ్చా?

అంకెలు చూద్దాం. బీపీ ఉన్నవాళ్ళు క్రమం తప్పకుండా ఇలా నడిస్తే పై అంకె సగటున 5 నుంచి 8 పాయింట్లు తగ్గుద్ది, ఒక రకం మాత్ర మామూలు డోసులో ఇచ్చే తగ్గుదల సగటున 9 దగ్గర. నడక చిన్న మందేం కాదన్నమాట, కానీ 165 ఉన్న మనిషిని అదొక్కటే 130కి దించలేదు. అమెరికాలో నేషనల్ వాకర్స్ హెల్త్ స్టడీ అని వేలమంది నడిచేవాళ్ళ వివరాలు తీశారు, ఎక్కువ దూరం నడిచేవాళ్ళల్లో, స్పీడుగా నడిచేవాళ్ళల్లో బీపీ మాత్రలు వాడేవాళ్ళు తక్కువమంది కనపడ్డారు. ఇది చదివి మాత్ర మానీయొచ్చు అనుకునేరు, నాకు నచ్చనిది అదే, నడక వల్ల మాత్ర అవసరం తగ్గిందా లేక ఒంట్లో బాగున్నవాళ్ళే ఎక్కువ నడవగలుగుతున్నారా అన్నది ఆ లెక్క ఒక్కదాంతో తేలదు. మందునీ వ్యాయామాన్నీ పక్కపక్కన పెట్టి 391 ట్రయల్స్ కలిపి చూసినవాళ్ళు కూడా 2018లో బీపీ ఎక్కువున్నవాళ్ళల్లో తగ్గుదల దాదాపు సమానంగా ఉందన్నారు గానీ, మాత్రలు మానమని చెప్పలేదు, రెండిటినీ నేరుగా పోటీ పెట్టిన ట్రయల్స్ లేవని కూడా వాళ్ళే చెప్పారు.

పైగా మానే తీరులో కూడా ప్రమాదం ఉంది. అటెనోలాల్ రకం, క్లోనిడిన్ టక్కున ఆపితే బీపీ ఎగిరి ముందున్న దానికన్నా పైకి పోవచ్చు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా ముప్పు. మీరు చెయ్యాల్సింది మూడు నెలలు నడిచి, ఆ నోట్‌బుక్ పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టడం. సగటు బాగా దిగిందని కనపడితే తగ్గించాలా వద్దా అన్నది వాళ్ళు చూసుకుంటారు, చాలాసార్లు ఒక డోసు సగం చేసి మళ్ళీ చూద్దాం అంటారు. అలా తగ్గించాక కూడా నడక ఆపితే వచ్చిన లాభం కొన్ని వారాల్లో పోద్ది, రథయాత్ర రోజులూ పెళ్ళి వారమూ అని ఆపేసి మర్చిపోకండి. ఆ రోజుల్లో అన్నం కన్నా ఉప్పు చేప ఎక్కువ తినేవాళ్ళకి అంకె ఎలాగూ నిజం చెప్పేస్తుంది లెండి.

ఈ వారం హోంవర్క్. నోట్‌బుక్‌లో రోజుకి ఒక లైను చాలు, ఇలాగ:

సోమవారం, పొద్దున 5:10, 146/88, 142/86, మాత్ర వేసుకోలేదు ఇంకా. నడక 5+10+5. మాట వచ్చింది, పాట రాలేదు. తల తిరగలేదు. సాయంత్రం 6:30, 138/84, 136/84.

తల తిరిగినా, గుండె దడ వచ్చినా, కాళ్ళు వాచినా ఆ లైన్లోనే రాయండి, నడిచేటప్పుడు ఛాతీ బిగిస్తే రాయడం కాదు, అక్కడే ఆగిపోయి మనిషిని పిలవండి. పట్టీలన్నీ సంచీలో వేసే పని కూడా ఈ వారమే.

నాలుగో పాఠంలో గోడకి వీపు ఆనించి కుర్చీ ఆకారంలో కూర్చునే వ్యాయామం, అందులో ఊపిరి బిగబడితే బీపీ ఎందుకు ఎగురుద్ది, చద్దన్నంలో వేసుకునే ఉప్పు ఎంత దగ్గర ఆపాలి, షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది టెల్మిసార్టాన్ వాళ్ళు ఎందుకు అడగకుండా కొనకూడదు, ఇవి చూద్దాం. అప్పటికి మీ నోట్‌బుక్‌లో ఏడు లైన్లు ఉండాలి.