పద్మనాభం దారిలో సైకిలు తొక్కేవారికి

విశాఖలో ప్రశాంతంగా సైకిలు తొక్కాలంటే అందరూ బీచ్ రోడ్డే చెబుతారు. నన్నడిగితే, ఆనందపురం కూడలి దాటి పద్మనాభం వైపు వెళ్లే పల్లె దారి పట్టండి. తాటిచెట్లు, జీడితోటలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. 1794లో విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఆంగ్లేయులతో పోరాడి నేలకొరిగిన చోటు పద్మనాభమే. కొండ మీది గుడి దూరం నుంచే కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: గాలి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు పలచగా వీస్తుంది. ఎండ ముదిరాక ఎదురు తిరిగి సముద్రం నుంచి వీస్తుంది. తిరిగి రావడం ఆలస్యమైతే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎదురుగాలే! అందుకే చీకటితోనే లైటు వేసుకుని బయలుదేరి, తొమ్మిదిలోపు ఇల్లు చేరండి.

ఎత్తు మొదలవక ముందే గేరు తగ్గించండి. సగంలో పెడలు బిగిశాక మారిస్తే గొలుసు కరకరమంటుంది, ఒక్కోసారి జారిపోతుంది. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం సర్రున జారుతుంది, పైగా అది రైతు కష్టం. దిగి, పక్కనుంచి నడిపించుకుని వెళ్లండి. ట్యూబు, చేతిపంపు తప్పనిసరి; అక్కడ తుమ్మముళ్లు ఎక్కువ.