కారు కడిగే వాష్ మిట్: మన్నికైనదాన్ని ఎంచుకోవడం ఎలా?

ఎండ పడినప్పుడు కారు పెయింటు మీద సాలెగూడులా కనిపించే సన్నని గీతల్లో ఎక్కువ భాగం కడిగేటప్పుడు పడినవే. రంగు మీద ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. అంటే అది మామూలు కాగితం కంటే పలుచన. చదునైన స్పాంజి కింద ఇసుక రేణువు చిక్కితే అది ఎటూ పోలేక పెయింటును గీస్తుంది. చేతికి తొడుక్కుని కారును రుద్దే వాష్ మిట్‌కు ఉండే పొడవాటి నూగు ఆ రేణువును తన లోపలికి తీసుకుని, నీటిలో జాడించినప్పుడు వదిలేస్తుంది. ఆ నూగు అట్టకట్టిన రోజున మిట్‌కూ స్పాంజికీ తేడా ఉండదు. కాబట్టి చిరగకుండా ఉండటం ఒక్కటే మన్నిక కాదు, నూగు మెత్తగా మిగలడం కూడా అందులో భాగమే.

పెయింటు మీద అతి మృదువుగా నడిచేది గొర్రె చర్మంతో చేసిన మిట్. అయితే దాని ఉన్ని తోలుకు అంటి ఉంటుంది. తోలు తడిసి ఆరిన ప్రతిసారీ కొంత బిగుసుకుంటుంది, వేడి నీరు తగిలితే ముడుచుకుపోతుంది, తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. ఎంతో శ్రద్ధగా చూసుకునేవారికి తప్ప దీన్ని మన్నికైనదిగా చెప్పలేము. లావుపాటి కుచ్చులు వేలాడే షెనీల్ మిట్ మురికిని బాగా పడుతుంది, చవకగానూ దొరుకుతుంది; కానీ కుచ్చులను వెనుక గుడ్డకు సరిగా బిగించకపోతే అవి ఒక్కొక్కటిగా ఊడిపోతాయి, ఇసుక కూడా వాటి మొదళ్లలో దాక్కుంటుంది. మధ్యస్థమైన పొడవు నూగు ఉన్న మైక్రోఫైబర్ (అతి సన్నని కృత్రిమ పోగుల) మిట్ సులభంగా జాడింపుకు వస్తుంది, త్వరగా ఆరుతుంది, మిషన్ ఉతుకును తట్టుకుంటుంది. ఎక్కువమందికి అదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

మైక్రోఫైబర్ మిట్ లేబుల్ మీద 80 శాతం పాలిస్టర్, 20 శాతం పాలియమైడ్ (నైలాన్) అనో, 70, 30 అనో రాసి ఉంటుంది. పాలియమైడ్ శాతం పెరిగితే మెత్తదనం, నీటిని పీల్చే గుణం కొంత పెరుగుతాయి తప్ప, మిట్ ఎంతకాలం ఉంటుందో ఆ అంకెలు చెప్పవు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో తెలిపే జీఎస్ఎం సంఖ్య పెద్దదైతే మన్నిక పెరుగుతుందని భావించడమూ పొరపాటే, ఎందుకంటే దట్టమైన మిట్ ఎక్కువ నీటిని పట్టుకుంటుంది, ఆ బరువంతా మణికట్టు దగ్గరి కుట్టు మీద పడుతుంది.

నిజానికి మిట్ ముందుగా పాడయ్యేది ఆ కుట్టు దగ్గరే. అందుచేత కొనేటప్పుడు నూగును నిమిరి చూడటంతో ఆగకుండా మిట్‌ను లోపలి వైపుకు తిప్పి చూడాలి. అంచుల వెంట రెండు వరుసల కుట్టు ఉందా, కుట్టుకు అవతల కనీసం అర సెంటీమీటరు గుడ్డ మిగిలిందా, బొటనవేలు మొదలయ్యే మూలలో కుట్టును గట్టిపరిచారా అన్నది గమనించాలి. మణికట్టు పట్టీని పూర్తిగా సాగదీసి వదిలినప్పుడు అది వెంటనే యథాస్థితికి రావాలి. లోపలి ఎలాస్టిక్ పటపటమని శబ్దం చేస్తే అది నాలుగు ఉతుకులకే వదులవుతుంది. లోపల విడిగా లైనింగ్ ఉంటే అది వేలి కొసల దగ్గర కూడా కుట్టి ఉండాలి, లేకపోతే చేయి తీసిన ప్రతిసారీ బయటికి ఊడివస్తుంది. నాలుగైదు కుచ్చులను పట్టి మెల్లగా లాగండి. ఒక్కటి ఊడివచ్చినా ఆ మిట్ వద్దు. గరుకైన లేబుల్ బయటివైపు కుట్టి ఉంటే వాడకముందే కత్తిరించేయాలి, దాని అంచు కూడా పెయింటును గీయగలదు.

ఎంత మంచి మిట్‌నైనా సంరక్షణ లోపం త్వరగా పాడుచేస్తుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మైక్రోఫైబర్ పోగులపై పూతలా పేరుకుంటుంది, క్లోరిన్ బ్లీచ్ పాలియమైడ్‌ను బలహీనపరుస్తుంది, ఎక్కువ వేడి పోగుల కొసలను గట్టిపరుస్తుంది. గోరువెచ్చని నీరు, కొద్దిగా ద్రవరూప డిటర్జెంటు చాలు. ఆపై గాలి ఆడే నీడలో వేలాడదీయాలి. గొర్రె చర్మపు మిట్‌ను మాత్రం చల్లని నీటిలో చేత్తోనే ఉతకాలి. కడిగేటప్పుడు షాంపూ నీటికి ఒక బకెట్, జాడించడానికి మరొక బకెట్ వాడితే నూగులో ఇసుక నిలవడం బాగా తగ్గుతుంది.

చక్రాలకు, కారు కింది భాగాలకు వేరే రంగు మిట్ కేటాయించడం మంచిది, ఎందుకంటే బ్రేకుల నుంచి రాలే లోహపు పొడి ఒకసారి నూగులోకి చేరితే పూర్తిగా వదలదు. కడిగే మిట్ చేయి జారి నేల మీద పడితే, దాన్ని శుభ్రంగా ఉతికేదాకా పెయింటుకు తాకించకూడదు. ఆరిన తర్వాత కూడా నూగు వేళ్లకు గరుకుగా, ముద్దలుగా తగులుతుంటే కుట్లు చెక్కుచెదరకపోయినా ఆ మిట్‌ను చక్రాల పనికి మార్చేయాలి, తిరిగి పెయింటు మీదికి తేకూడదు.