థైరాయిడ్ స్టార్మ్‌ను ఇంట్లో ఎలా పసిగట్టాలి, క్యాజువాలిటీలో ఏం చెప్పాలి

వానాకాలంలో హైదరాబాదులో ఎవరికి జ్వరం వచ్చినా ముందు వైరల్ అనో, డెంగీ అనో అనుకుంటాం. కానీ హైపర్ థైరాయిడ్ (మెడలోని థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను అవసరానికి మించి తయారుచేసే జబ్బు) ఉన్న మనిషికి, అందులోనూ కాస్త నయమనిపించి మాత్రలు మధ్యలో మానేసిన మనిషికి జ్వరం వస్తే, అది థైరాయిడ్ స్టార్మ్ (ఆ జబ్బు ఒక్కసారిగా ముదిరి ఒళ్లంతా అదుపుతప్పే స్థితి) కావచ్చునని ఇంట్లోవాళ్లు మొదటే అనుమానించాలి. ఇన్ఫెక్షన్, ఆపరేషన్, కాన్పు, స్కాన్ కోసం ఎక్కించే అయోడిన్ డై కూడా దీన్ని రేపగలవు. అరుదైనదే అయినా ప్రాణం తీసే జబ్బు ఇది.

రోగిని పడుకోబెట్టి, బొటనవేలి కిందుగా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గోడగడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. జ్వరానికి నాడి కొంత పెరగడం సహజం. కదలకుండా పడుకున్న మనిషికి 130, 140 కొట్టుకుంటున్నా, లయ తప్పుతున్నా అది మామూలు జ్వరమని సరిపెట్టుకోకూడదు. విపరీతమైన చెమటలు, చేతుల వణుకు, వాంతులు, విరేచనాలు, కళ్లు పచ్చబడటం తోడు కావచ్చు. అన్నిటికన్నా భయపడవలసింది మాట తీరు మారడానికి: కుదురులేకపోవడం, సంధి మాటలు, అయినవాళ్లను పోల్చుకోలేకపోవడం, ఆపైన మగత. జ్వరంలో కలవరిస్తోందిలే అని తెల్లారేదాకా ఆగవద్దు.

108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా దుప్పట్లు తీసి, ఫ్యాన్ వేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. తెలివిలో ఉండి మింగగలిగితే పారాసెటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ మాత్రం వద్దు, అది రక్తంలోని ప్రొటీన్లను అంటుకుని ఉన్న థైరాయిడ్ హార్మోన్‌ను విడిపించి దాని జోరు పెంచుతుంది. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మానేసిన మాత్రలన్నీ ఒక్కసారే మింగించడం, సందు చివరి క్లినిక్‌లో సెలైన్ పెట్టించి ఇంటికి తేవడం రెండూ ప్రమాదమే. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ కానివ్వండి, దగ్గరలోని మరో పెద్దాసుపత్రి కానివ్వండి, ఐసీయూ ఉన్నచోటికే వెళ్లాలి.

అక్కడ మీరు చెప్పే మాటకు చాలా విలువ ఉంది. రక్తంలో టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు ఎంత పెరిగాయన్నది చూసి స్టార్మ్‌ను, మామూలు హైపర్ థైరాయిడ్‌ను వేరుచేయలేరు. వైద్యులు జ్వరం, నాడి, స్పృహ, పూర్వచరిత్ర కలిపి చూసి, రిపోర్టు కోసం ఆగకుండా వైద్యం మొదలుపెడతారు. హార్మోన్ తయారీని ఆపే మందు, గుండె వేగం తగ్గించే ప్రోప్రనొలాల్, స్టెరాయిడ్ ఇచ్చి, ఆ మొదటి మందు పడిన గంటకు గానీ అయోడిన్ ఇవ్వరు. అందుకే మాత్రల అట్ట, పాత రిపోర్టులు చేతికిచ్చి, మందు మానేసి ఎన్నాళ్లయిందో దాచకుండా చెప్పండి. గర్భమున్నా, ఆస్తమా ఉన్నా తప్పక చెప్పాలి. ప్రోప్రనొలాల్ ఆస్తమా రోగికి ఊపిరాడకుండా చేయగలదు.