కుందేళ్ల వేటకు కొత్త .22 రైఫిల్: తొలి తూటా పేల్చే ముందు జాగ్రత్తలు

అమెరికాలో హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాపై ఉన్న తెలుగువారు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం కనుక, ముందుగా ఆ కాగితాన్ని సరిచూసుకోవాలి.

ఛాంబర్ (పేల్చే ముందు తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందని కంటితోను, వేలితోను నిర్ధారించుకున్నాకే గొట్టంలోని గ్రీజును తుడవాలి. గొట్టంపై చెక్కిన తూటా పేరు, పెట్టెపై ఉన్న పేరు పూర్తిగా కలవాలి; .22 లాంగ్ రైఫిల్, .22 మాగ్నమ్ అనే తూటాలు ఒకటి కావు.

చిన్న తూటాయే కదా అన్న ధీమా అన్నిటికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం. అది సుమారు 2.4 కిలోమీటర్ల దూరం వెళ్లగలదు. రాతినేలకో నీటికో తగిలితే ఊహించని దిక్కుకు ఎగురుతుంది కాబట్టి, లక్ష్యం వెనుక రాళ్లు లేని ఎత్తైన మట్టిగట్టు ఉన్నచోటే పరీక్షించాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే బోల్టు (ఛాంబర్‌ను మూసి ఉంచే కడ్డీ) తెరవాలి. చప్పుడు నీరసంగా వస్తే తూటా లోపలే ఇరుక్కుని ఉండవచ్చు. తుపాకీని ఖాళీ చేసి, గొట్టం పరిశీలించనిదే మరొకటి పేల్చరాదు.

వేటలో వాడబోయే రకం తూటాలతోనే, 50 గజాల దూరంలో, ఆనిక మీద ఉంచి గురి సరిచేసుకోవాలి.